పెద్ద అయస్కాంతం: ఎం.ఆర్.ఐ. స్కాన్ గురించి తెలుసుకుందాం

పొదిలి, దర్శి, కనిగిరి, మార్కాపురం. ఈ ఊళ్ళ చుట్టుపక్కల పల్లెల్లో ఒక మాట తరచుగా వినపడుతుంది.

"నడుం పట్టేసింది. మెడ తిరగడం లేదు. కూర్చుంటే లేవలేను. లేస్తే కూర్చోలేను."

వయసు మీద పడితే నొప్పులు వస్తాయి. బరువులు మోస్తే వస్తాయి. రోజంతా వంగి కలుపు తీస్తే వస్తాయి. కానీ ఈ వైపు ఊళ్ళలో ఇంకో కారణం కూడా ఉంది. అది తాగే నీళ్ళు.

ఇక్కడ చాలా బోర్ల నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఫ్లోరైడ్‌కు రంగు లేదు. వాసన లేదు. నీళ్ళు తేటగానే కనపడతాయి. కానీ ఏళ్ళ తరబడి తాగితే పళ్ళమీద గారలు పడతాయి. కీళ్ళు, ఎముకలు బిగుసుకుపోతాయి. ఈ జబ్బును ఫ్లోరోసిస్ అంటారు.

ఇది నిన్న మొన్న వచ్చిన జబ్బు కాదు. 1937లోనే డాక్టర్లు నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి రాశారు. అప్పుడు పొదిలి నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు పొదిలి అందులో కలిసింది. అదే ప్రకాశం జిల్లా.

వెన్ను లోపల ఏముంది?

మన వెన్ను చిన్న చిన్న పూసలతో కట్టిన దండలాంటిది. ఆ పూసల మధ్య సన్నని దారి ఉంటుంది. ఆ దారిలో వెన్నుపాము ఉంటుంది. మెదడు చెప్పిన మాట కాళ్ళకు, చేతులకు చేరేది ఈ వెన్నుపాము ద్వారానే.

ఫ్లోరోసిస్ ముదిరితే ఎముకలు మందమవుతాయి. పూసలను కట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు కూడా గట్టిపడతాయి. దారి ఇరుకవుతుంది. వెన్నుపాము నలుగుతుంది. అప్పుడు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. చెప్పు జారిపోయినా తెలియదు. నడక తడబడుతుంది.

ఇలాంటప్పుడు డాక్టరు "ఎం.ఆర్.ఐ. తీయించుకోండి" అంటారు. ఆ మాట వినగానే చాలామందికి గుండె జారిపోతుంది. అది ఆపరేషనా? కరెంటు పెడతారా? ఒంట్లో రక్తం తీస్తారా? ఇలా ఎన్నో అనుమానాలు.

అది ఆపరేషన్ కాదు. కోయరు. కుట్లు వేయరు. అది ఒక ఫొటో తీసే పద్ధతి. ఒంటి లోపలి ఫొటో.

ఒక సంగతి తెలుసుకోవాలి. నడుం నొప్పి వచ్చిన ప్రతివారికీ ఈ స్కాన్ అవసరం లేదు. చాలా నొప్పులు కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. కానీ ఈ కింది గుర్తులు ఉంటే ఆలస్యం చేయకూడదు.

– కాళ్ళలో బలం తగ్గిపోవడం.
– తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారడం.
– మూత్రం, మలం ఆపుకోలేకపోవడం, లేదా మూత్రం రాకపోవడం.

ఇవి కనపడితే వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. సిగ్గుపడి దాచుకోకూడదు. దాచుకుంటే కాళ్ళు శాశ్వతంగా పడిపోవచ్చు.

ఫొటోలు రకరకాలు

ఎక్స్‌రే ఎముకలను బాగా చూపిస్తుంది. చెయ్యి విరిగితే ముందు ఎక్స్‌రే తీస్తారు.

గర్భవతులకు కడుపు మీద జిగురు రాసి చేసేది అల్ట్రాసౌండ్ స్కాన్. అది శబ్దంతో పనిచేస్తుంది.

సి.టి. స్కాన్ కూడా ఎక్స్‌రే కిరణాలతోనే పనిచేస్తుంది. తలకు దెబ్బ తగిలినప్పుడు దీన్ని త్వరగా తీస్తారు.

ఎం.ఆర్.ఐ. అయస్కాంతంతో పనిచేస్తుంది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. వెన్నుపాము, మెదడు, నరాలు, కీళ్ళ లోపలి మెత్తని భాగాలు దీనిలో బాగా కనపడతాయి.

ఈ మెషిన్ ఎట్లా పనిచేస్తుంది?

మన ఒంట్లో సగానికి పైగా నీళ్ళే. ఆ నీళ్ళలో కంటికి కనపడని రేణువులు ఉంటాయి. అవి చిన్న చిన్న అయస్కాంతాల్లాగా ఉంటాయి. మెషిన్‌లోని పెద్ద అయస్కాంతం దగ్గరికి రాగానే అవి ఒక వరుసకు వస్తాయి. మెషిన్ వాటిని రేడియో తరంగాలతో కదిలిస్తుంది. అవి మళ్ళీ వరుసకు వచ్చేటప్పుడు సన్నని సంకేతాలు పంపుతాయి. కంప్యూటర్ ఆ సంకేతాలను ఫొటోగా మారుస్తుంది.

మన రేడియోకు వచ్చే తరంగాల్లాంటివే ఇవి. ఇవి మనకు కనపడవు. ఒంట్లో ఉండిపోవు.

1977 జులై 3న అమెరికాలో మొదటిసారి ఒక మనిషి ఒంటిని ఇట్లా స్కాన్ చేశారు. ఆ ఒక్క ఫొటోకు దాదాపు ఐదు గంటలు పట్టింది. ఇప్పుడు ఒక స్కాన్‌కు మామూలుగా అరగంట, ముప్పావుగంట పడుతుంది. ఈ పద్ధతిని కనుగొన్నందుకు 2003లో ఇద్దరు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

కోడలు చదివిన కాగితం

పొదిలి దగ్గర ఒక పల్లె. అక్కడ ఒక అత్త, ఒక కోడలు. అత్తకు అరవై ఏళ్ళు దాటాయి. కాళ్ళు తిమ్మిరెక్కి నడవలేకపోతోంది. డాక్టరు ఎం.ఆర్.ఐ. రాశారు. కోడలు అత్తను వెంటబెట్టుకొని పట్నం పోయింది. కోడలు చిన్నప్పుడు బడికి పోలేదు. పెళ్ళయినాక రాత్రి బడిలో చదువు నేర్చుకుంది.

స్కాన్ సెంటర్‌లో ఒక కాగితం ఇచ్చారు.

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అన్నాడు అక్కడి అబ్బాయి.

కాగితం ఇంగ్లీషులో ఉంది. కోడలు సిగ్గుపడలేదు.

"మాకు ఇంగ్లీషు రాదయ్యా. తెలుగు కాగితం ఉంటే ఇవ్వండి. లేకపోతే చదివి చెప్పండి. ఏముందో తెలియకుండా సంతకం పెట్టం" అంది.

అబ్బాయి తెలుగు కాగితం వెతికి ఇచ్చాడు. కోడలు వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కొని చదివింది.

"గుండెకు మెషిన్ పెట్టారా?"

"లేదే" అంది అత్త.

"ఒంట్లో ఎక్కడన్నా రాడ్లు, స్క్రూలు వేశారా?"

"లేదు."

"కంట్లో ఎప్పుడన్నా ఇనుప ముక్క పడిందా?"

అత్త మాట్లాడలేదు. కోడలు మళ్ళీ అడిగింది.

"ఎప్పుడో పడిందిలే అమ్మాయ్. వయసులో ఉన్నప్పుడు మార్కాపురం పలకల పనికి పోయినా గదా. రాయి చీల్చే ఉలి నుంచి రజను ఎగిరి కంట్లో పడింది. ముప్ఫై ఏళ్ళ నాటి ముచ్చట. ఇప్పుడెందుకు చెప్పడం? చెప్తే స్కాన్ తీయకుండా పంపిస్తారు. బస్సు చార్జీలు దండగ."

"అట్టా కాదత్తా. చెప్పాల్సిందే" అంది కోడలు.

కోడలు చెప్పగానే అబ్బాయి లోపలికి పోయి డాక్టరును పిలుచుకొచ్చాడు. డాక్టరు అత్త పక్కన కూర్చున్నాడు.

"చెప్పి మంచి పని చేశారు పెద్దమ్మా. కంట్లో ఇనుప రజను ఉండిపోతే పెద్ద అయస్కాంతం దాన్ని లాగుతుంది. లోపల కోసుకుపోయి చూపు పోవచ్చు. ముందు కంటికి ఎక్స్‌రే తీద్దాం. ఏమీ లేకపోతే ఈ రోజే స్కాన్ చేద్దాం."

కంటికి ఎక్స్‌రే తీశారు. ఇనుము ఏమీ కనపడలేదు. ఆ సాయంత్రమే అత్తకు స్కాన్ అయింది.

ఆ కాగితంలోని ప్రశ్నలు ఊరికే అడిగేవి కావు. ఒక్కో ప్రశ్న వెనుక ఒక్కో ప్రమాదం ఉంది. పలకల పని, రాతి క్వారీ పని, వెల్డింగ్ పని చేసినవాళ్ళు కంటి సంగతి తప్పక చెప్పాలి.

ఇవి ఉంటే ముందే చెప్పాలి

– గుండెకు పెట్టిన పేస్‌మేకర్. కొన్ని రకాల పేస్‌మేకర్లు ఉంటే ఈ స్కాన్ చేయకూడదు. కొన్నింటికి జాగ్రత్తలతో చేయవచ్చు. పేస్‌మేకర్ పెట్టినప్పుడు ఇచ్చిన కార్డు తీసుకుపోవాలి.
– గుండె రక్తనాళంలో వేసిన స్టెంట్, గుండెలో మార్చిన కవాటం.
– తలలో ఆపరేషన్ చేసి పెట్టిన క్లిప్.
– చెవి లోపల అమర్చిన వినికిడి మెషిన్.
– ఎముకల్లో వేసిన రాడ్లు, ప్లేట్లు, మార్చిన మోకాలి చిప్ప.
– ఒంట్లో మిగిలిన ఇనుప ముక్కలు, తుపాకి గుండు రవ్వలు.
– కాపర్-టి. పిల్లలు పుట్టకుండా చేసుకున్న ఆపరేషన్. వీటివల్ల మామూలుగా స్కాన్‌కు అడ్డు రాదు. అయినా చెప్పాలి.
– గర్భం. నెల తప్పిందేమోనని అనుమానం ఉన్నా చెప్పాలి. మరీ అవసరమైతే తప్ప మొదటి మూడు నెలల్లో ఈ స్కాన్‌ను వాయిదా వేస్తారు.

పాత ఆపరేషన్ కాగితాలు ఇంట్లో ఉంటే వెంట తీసుకుపోవాలి. ఒంట్లో వేసింది ఏ లోహమో వాటిలో రాసి ఉంటుంది.

ఒంటిమీద ఏమీ ఉండకూడదు

స్కాన్ గదిలోకి పోయేముందు లోహంతో చేసినవన్నీ తీసేయాలి. కమ్మలు, ముక్కుపుడక, గాజులు, మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు. జడలోని పిన్నులు, స్లైడులు. రవికెకు పెట్టిన పిన్నీసు. మొలతాడుకు కట్టిన తాయెత్తు. బొడ్డున దోపుకున్న తాళాలు, చిల్లర డబ్బులు. సెల్‌ఫోన్, ఏ.టి.ఎం. కార్డు. కట్టుడు పళ్ళు కూడా తీసి ఇవ్వాలి.

జరీ చీర కట్టుకొని పోవద్దు. జరీలో లోహపు పోగు ఉంటుంది. అది వేడెక్కి ఒళ్ళు కాలవచ్చు. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చే గౌను వేసుకోవడం మంచిది. కాటుక, కళ్ళ రంగులు కూడా తుడిచేయాలి. కొన్ని రంగుల్లో లోహపు పొడి ఉంటుంది.

మంగళసూత్రం దగ్గర చాలామంది ఆగిపోతారు. కథలోని అత్త కూడా ఆగింది.

"తాళి తీయను. బంగారాన్ని అయస్కాంతం లాగదు గదా?" అంది.

ఆమె చెప్పింది నిజమే. మేలిమి బంగారాన్ని అయస్కాంతం లాగదు. కానీ నగలో వేరే లోహాలు కలుస్తాయి. కొక్కెం ఇనుముది కావచ్చు. నల్లపూసలను తీగతో గుచ్చి ఉండవచ్చు. అవి వేడెక్కవచ్చు. మెడ దగ్గర ఫొటో కూడా చెడిపోతుంది. అప్పుడు డబ్బు దండగ.

దీనికి ఆడవాళ్ళే ఒక దారి కనుక్కున్నారు. పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి మెడలో వేసుకుంటారు. తరువాత తాళి తీసి భర్త చేతికో, తల్లి చేతికో, తోడు వచ్చినవాళ్ళ చేతికో ఇస్తారు. పసుపు కొమ్మును అయస్కాంతం ఏమీ చేయదు. కోడలు ముందురోజే పసుపు తాడు సిద్ధం చేసుకొచ్చింది. అత్త మారు మాట్లాడకుండా తాళి తీసి కోడలి చేతిలో పెట్టింది.

నగలను ఇంట్లోనే భద్రంగా పెట్టి రావడం అన్నింటికంటే మేలు.

మెషిన్ ఎప్పుడూ ఆగదు

తిరగలి తిప్పకపోతే ఆగుతుంది. ఫ్యాన్ స్విచ్ నొక్కితే ఆగుతుంది. ఎం.ఆర్.ఐ. అయస్కాంతం అట్లా కాదు. అది రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. స్కాన్ తీయకపోయినా, గదిలో ఎవరూ లేకపోయినా, కరెంటు పోయినా దాని బలం తగ్గదు. చాలా ఆసుపత్రుల్లో ఉండే 1.5 టెస్లా మెషిన్‌లో అయస్కాంతం బలం, భూమికి ఉండే అయస్కాంత బలం కంటే దాదాపు 30 వేల రెట్లు ఎక్కువ.

2018 జనవరిలో ముంబయిలో ఒక ఆసుపత్రిలో ఘోరం జరిగింది. 32 ఏళ్ళ మనిషి తన బంధువుల పెద్దామెకు తోడుగా వచ్చాడు. ఆమె కోసం ఆక్సిజన్ సిలిండర్ పట్టుకొని స్కాన్ గదిలోకి పోయాడు. మెషిన్ ఆపే ఉందని తమకు చెప్పారని ఇంటివాళ్ళు తరువాత అన్నారు. అయస్కాంతం సిలిండర్‌ను, దానితోపాటు ఆయననూ లాగేసింది. సిలిండర్ నుంచి గాలి బయటికి కొట్టింది. ఆయన చనిపోయాడు.

అందుకే రోగికి ఉన్న నియమాలే తోడు పోయేవాళ్ళకూ ఉంటాయి. సిలిండర్, ఇనుప కుర్చీ, చేతికర్ర, కత్తెర, ఏదీ ఆ గదిలోకి తీసుకుపోకూడదు. "ఏం కాదు, పోండి" అని ఎవరన్నా చెప్పినా, స్కాన్ తీసే వారిని అడగకుండా గడప దాటకూడదు.

లోపల ఎట్లా ఉంటుంది?

మెషిన్ పెద్ద గొట్టంలాగా ఉంటుంది. రెండు వైపులా తెరిచే ఉంటుంది. సన్నని బల్లమీద పడుకోబెడతారు. బల్ల నెమ్మదిగా లోపలికి జరుగుతుంది. గాలి ఆడుతుంది. దీపం ఉంటుంది.

శబ్దం మాత్రం బాగా ఉంటుంది. టకటకమని, ధనధనమని, తలుపు బాదినట్టు ఉంటుంది. మెషిన్ చెడిపోయిందని భయపడవద్దు. అది పనిచేసే శబ్దమే. చెవుల్లో పెట్టుకోవడానికి దూది, రబ్బరు బిరడాలో, చెవులమీద పెట్టే మూతలో ఇస్తారు. ఇవ్వకపోతే అడగాలి.

చేతికి ఒక రబ్బరు బుడ్డి ఇస్తారు. భయమేసినా, ఒళ్ళు వేడిగా అనిపించినా, ఊపిరాడనట్టు ఉన్నా దాన్ని పిసకాలి. బయట గంట మోగుతుంది. వెంటనే మాట్లాడతారు. కావాలంటే బయటికి తీస్తారు.

కదలకుండా పడుకోవాలి. కదిలితే ఫొటో చెదిరిపోతుంది. మళ్ళీ తీయాల్సి వస్తుంది. లోపలికి పోకముందే కళ్ళు మూసుకుంటే భయం తగ్గుతుంది. కళ్ళమీద గుడ్డ కప్పమని అడగవచ్చు. ఇరుకు గదిలో ఊపిరాడదని భయపడేవాళ్ళు డాక్టరుకు ముందే చెప్పాలి. అవసరమైతే నెమ్మదిపరిచే మందు ఇస్తారు.

పోయేముందు మూత్రానికి పోయి రావాలి. వెన్ను స్కాన్‌కు మామూలుగా పస్తు ఉండనక్కర లేదు. కడుపు స్కాన్ అయినా, మత్తు ఇచ్చినా ఉండాలి. ముందురోజే అడిగి తెలుసుకోవాలి. రోజూ వేసుకునే బి.పి., షుగరు మాత్రలు సొంతంగా మానకూడదు.

సూదిమందు ఎందుకు?

కొందరికి స్కాన్ మధ్యలో చేతి నరానికి ఒక మందు ఎక్కిస్తారు. దానివల్ల ఫొటోలో కొన్ని భాగాలు తేటగా కనపడతాయి. ఆ మందులో గాడోలినియం అనే లోహం ఉంటుంది. అది మూత్రంలో బయటికి పోతుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోతే అది ఒంట్లో నిలిచిపోతుంది. అందుకే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు తప్పక చెప్పాలి. ముందు రక్తపరీక్ష చేస్తారు. గర్భవతులకు ఈ మందు మామూలుగా ఇవ్వరు. పాలిచ్చే తల్లి ముందే చెప్పాలి. మామూలుగా పాలు మాన్పించనక్కర లేదు.

మందు ఎక్కాక దురద, దద్దుర్లు, ఆయాసం వస్తే వెంటనే నర్సుకు చెప్పాలి.

డబ్బులు, కాగితాలు

ప్రైవేటు సెంటర్లలో ఈ స్కాన్‌కు వేల రూపాయలవుతుంది. ఒక్కోచోట ఒక్కో రేటు. ముందే అడగాలి. సూదిమందుకు వేరే డబ్బు అడుగుతారా అని కూడా అడగాలి. డబ్బు కట్టినాక రసీదు తీసుకోవాలి.

ప్రభుత్వ పెద్దాసుపత్రిలో చేస్తారేమో ముందు కనుక్కోవాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకానికి 2024లో ఎన్.టి.ఆర్. వైద్య సేవ అని పేరు మార్చారు. ఏ జబ్బుకు ఎంతవరకు వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం పని చూసేవాళ్ళు చెప్తారు. రేషను కార్డు, ఆధార్ వెంట ఉంచుకోవాలి. అప్పు చేసేముందు ఈ మాట అడగడం మరవద్దు.

ఫిల్ము, రిపోర్టు చేతికి రాగానే పేరు చదవాలి. వయసు చదవాలి. ఏ భాగానికి తీశారో చూడాలి. వేరేవాళ్ళ రిపోర్టు వస్తే వైద్యం తారుమారవుతుంది. ఫిల్మును మడవకూడదు. తడపకూడదు. మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయినప్పుడు పాతది, కొత్తది రెండూ తీసుకుపోవాలి.

స్కాన్ మందు కాదు

"స్కాన్ తీశారు గదా, నొప్పి తగ్గుతుందా?" అని అత్త అడిగింది. చాలామంది ఇట్లాగే అనుకుంటారు. స్కాన్ జబ్బును చూపిస్తుంది. తగ్గించదు. రిపోర్టు చూసి మందులా, వ్యాయామమా, ఆపరేషనా అని చెప్పేది డాక్టరు. రిపోర్టులో రాసిన ప్రతి మాటా పెద్ద జబ్బు కాదు. వయసు పెరిగితే పూసలు అరగడం చాలామందిలో కనపడుతుంది. అందుకే రిపోర్టు చూసి సొంతంగా భయపడవద్దు. డాక్టరుతో చెప్పించుకోవాలి.

ఫ్లోరోసిస్‌తో బిగిసిన ఎముక మళ్ళీ మామూలు కావడం కష్టం. కానీ జబ్బు ముదరకుండా ఆపవచ్చు. పిల్లలకు రాకుండా కాపాడవచ్చు. దానికి మందు మంచినీళ్ళే. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది. వేరే నీళ్ళు లేనప్పుడు కూడా 1.5 దాటకూడదు. నీళ్ళు కాచినా ఫ్లోరైడ్ పోదు. ఊరి బోరు నీళ్ళను పరీక్ష చేయించమని పంచాయతీలో అడగాలి. పొదుపు సంఘం ఆడవాళ్ళంతా కలిసి అడిగితే ఆ మాటకు బలం ఎక్కువ.

గుర్తుంచుకోండి

1. కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం ఆగకపోయినా, రాకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.
2. ఒంట్లో, కంట్లో లోహం ఉంటే దాచకుండా చెప్పాలి.
3. గర్భం, కిడ్నీ జబ్బు సంగతి ముందే చెప్పాలి.
4. స్కాన్ గదిలోకి ఇనుము తీసుకుపోకూడదు. మెషిన్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది.
5. చదవకుండా సంతకం పెట్టకూడదు.

కొత్త మాటలు

అయస్కాంతం: ఇనుమును లాగే వస్తువు.
వెన్నుపాము: వెన్నుపూసల లోపల ఉండే నరాల తాడు.
రేణువు: చాలా చిన్న ముక్క.
సంకేతం: గుర్తు, కబురు.
రజను: ఇనుము నుంచి రాలే సన్నని పొడి.

చర్చించండి

1. అత్త కంటి సంగతి ఎందుకు దాచాలనుకుంది? దాచి ఉంటే ఏమయ్యేది?
2. తాళి తీయడం గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళకు మీరు ఎట్లా చెప్తారు?
3. మీ ఊళ్ళో తాగే నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి? వాటిని ఎప్పుడు పరీక్ష చేశారు?

రాయండి

మీ ఇంట్లో ఎవరికి ఏ ఆపరేషన్ జరిగింది, ఏ సంవత్సరంలో జరిగింది, ఒంట్లో ఏమన్నా వేశారా? ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని రేషను కార్డు దగ్గర దాచిపెట్టండి.